గుండ్లు నింపిన చేతులకు ఓటు రాలేదు

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మేడమ్‌గారు చరిత్ర పాఠం చెప్పేవారు. ఏ రాజు గెలిచాడన్నది సరే, ఆ గెలుపు కోసం చాకిరీ ఎవరు చేశారు, వాళ్ళకు ముట్టిందెంత అని అడగమనేవారు. ఆ ప్రశ్నను ఇవాళ మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటన్‌కు వేస్తాను.

ఆ యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల్లో 9 లక్షలమందికి పైగా స్త్రీలు పనిచేస్తున్నారు. వాళ్ళ సేవకు మెచ్చి దేశం 1918లో స్త్రీలకు ఓటిచ్చిందని తరచు వింటుంటాం. పద్దులు తిరగేస్తే ఈ మాట నిలవదు.

1915 మే నెలలో, యుద్ధరంగంలో ఫిరంగి గుండ్లు చాలడం లేదని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ప్రభుత్వం కదిలిపోయింది. లాయిడ్ జార్జ్ చేతికి కొత్తగా ఆయుధ సరఫరా మంత్రిత్వశాఖ వచ్చింది. మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళిపోతున్నారు, లేతు మిషన్ల దగ్గర మనుషులు లేరు. జులై 17న స్త్రీల ఓటు ఉద్యమ నాయకురాలు ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ లండన్ వీధుల్లో వేలాదిమంది స్త్రీలతో పెద్ద ఊరేగింపు తీశారు. మాకూ పని ఇవ్వండన్నది వాళ్ళ కోరిక. ఓటు అడిగినందుకు అంతకు ముందేడాది వరకూ ఆవిణ్ణి జైల్లో పెడుతూ వచ్చిన ప్రభుత్వమే ఈ ఊరేగింపు ఖర్చులో కొంత భరించింది. అవసరం అలాంటిది.

అదే నెలలో వచ్చిన ఆయుధోత్పత్తి చట్టం కార్మికుల చేతులు కట్టేసింది. సమ్మె చేయకూడదు. యజమాని ఇచ్చే విడుదల పత్రం లేకుండా పని మానేస్తే ఆరు వారాలు మరోచోట పనిలో చేరడానికి వీల్లేదు. ఈ విడుదల పత్రం పద్ధతి 1917 దాకా నడిచింది.

ఇక జీతాల సంగతి. నేర్పున్న మగ కార్మికుడి పని చేసే స్త్రీకి అతని రేటే ఇవ్వాలని కాగితం మీద ఒప్పందం ఉంది. యజమానులు దాన్ని సులువుగానే దాటేశారు. పెళ్ళివంటలో ఒకరికి కూరలు తరగడం, ఒకరికి పిండి రుబ్బడం, ఒకరికి పోపు అప్పగించి, మీలో ఎవరూ వంటవాళ్ళు కారు కాబట్టి వంటవాడి కూలి ఇవ్వం అన్నట్టుగా, లేతు మీద ఒక్క టర్నరు చేసే పనిని ముక్కలు చేసి పంచారు. ఏ ముక్కా పూర్తి పని కాదు కనుక ఎవరికీ పూర్తి కూలి లేదు. 1915 అక్టోబరులో మంత్రిత్వశాఖ మగవాళ్ళ పని చేసే స్త్రీలకు వారానికి ఒక పౌనుగా జీతం సూచించింది. ఆ పౌను కూడా అమలయ్యేలా చూసిందీ, కేసులు నడిపిందీ మేరీ మెకార్థర్ నాయకత్వంలోని మహిళా కార్మిక సమాఖ్య లాంటి సంఘాలు. దయతలచి ఇచ్చినవాళ్ళు తక్కువ.

గుండ్లలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం నింపేవాళ్ళ చర్మం పసుపుపచ్చగా మారేది. టోపీ అంచు దాటిన ముంగురులు ఎర్రబారేవి, దిండు గలీబులకు కూడా రంగు అంటేది. జనం వాళ్ళకు పసుపురంగు కేనరీ పిట్టలని పేరు పెట్టారు. అందరిలో అది రంగుతో పోలేదు. కొందరి కాలేయాన్ని ఆ విషం తినేసింది. కాలేయం చెడి వచ్చే ఈ కామెర్లను 1916లో ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బుల జాబితాలో చేర్చారు. యుద్ధకాలంలో నమోదైన కేసులు దాదాపు 400. వాళ్ళలో సుమారు వందమంది చనిపోయారు.

ఒక్క గదిలోకి వెళ్దాం. లీడ్స్ నగరం పక్కన బార్న్‌బో ఫ్యాక్టరీ. పనివాళ్ళలో పదింట తొమ్మిదిమందికి పైగా స్త్రీలే. మూడు షిఫ్టులు, వాళ్ళను తెచ్చి దింపడానికి ప్రత్యేక రైళ్ళు. లోపలికి అడుగుపెట్టే ముందు బట్టలు మార్చుకోవాలి. లోహం ఏదీ ఒంటిమీద ఉండకూడదు, తలలో పిన్నుకూడా. అగ్గిపెట్టె దొరికితే శిక్ష. 1916 డిసెంబరు 5, రాత్రి పది దాటింది. 42వ నంబరు గదికి అప్పుడే కొత్త షిఫ్టు వచ్చింది. నింపిన నాలుగున్నర అంగుళాల గుండుకు చేత్తో ఫ్యూజు పెట్టాలి, తర్వాత మిషను దాని మూత బిగిస్తుంది. అలా బిగిస్తుండగా ఒక గుండు పేలింది. 35 మంది స్త్రీలు చనిపోయారు. కొందరిని మెడలోని గుర్తింపు బిళ్ళను బట్టి పోల్చుకోవాల్సి వచ్చింది. కొద్దిసేపటికే అదే గదిలో పనికి కూర్చోవడానికి వేరే ఆడపిల్లలు ముందుకొచ్చారు. శత్రువుకు తెలియకూడదని వార్తను తొక్కిపెట్టారు. స్థానిక పత్రికలో చావు ప్రకటనలు ‘ప్రమాదంలో మృతి’ అన్న ముక్కతో సరిపెట్టాయి. అసలు సంగతి జనానికి తెలిసింది యుద్ధం ముగిసి ఆరేళ్ళయ్యాక.

ఇప్పుడు ఓటు దగ్గరకు వద్దాం. స్త్రీల ఓటును ఏళ్ళ తరబడి అడ్డుకున్న మాజీ ప్రధాని ఆస్క్విత్ 1917లో పార్లమెంటులో మెత్తబడ్డాడు, స్త్రీల యుద్ధసేవను కారణంగా చూపాడు. 1918 ఫిబ్రవరిలో చట్టం వచ్చింది. దాని షరతులు చూడండి. స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండాలి. ఆపైన ఇంటి హక్కు గానీ కొద్దిపాటి ఆస్తి గానీ తనకో భర్తకో ఉండాలి. ఫ్యాక్టరీల్లో ఎక్కువమంది అంతకంటే చిన్నవాళ్ళు, హాస్టళ్ళలోనో అద్దె గదుల్లోనో ఉన్నవాళ్ళు. అదే చట్టం యుద్ధంలో పనిచేసిన మగవాడికి పందొమ్మిదేళ్ళకే ఓటిచ్చింది. గుండు పేల్చిన పందొమ్మిదేళ్ళ కుర్రాడికి ఓటుంది, ఆ గుండు నింపిన ఇరవై తొమ్మిదేళ్ళ మనిషికి లేదు. యుద్ధంలో మగవాళ్ళు అంతమంది పోయాక ఇరవై ఒక్క ఏళ్ళకే ఓటిస్తే ఓటర్లలో స్త్రీలే ఎక్కువవుతారన్న భయం ఈ ముప్పై వెనక ఉంది. ఆ తేడా పోవడానికి 1928 దాకా ఆగాలి.

యుద్ధం ఆగిన వారానికే, 1918 నవంబరు 19న, వేలాదిమంది ఫ్యాక్టరీ స్త్రీలు పార్లమెంటుకు ఊరేగింపుగా వెళ్ళారు. మా బతుకుకు పూచీ ఏమిటని అడిగారు. మరుసటి ఏడు చట్టం మగవాళ్ళ పనులు మగవాళ్ళకు తిరిగి అప్పగించింది. ఇళ్ళల్లో పనిమనిషిగా చేరమంటే కాదన్నవాళ్ళకు నిరుద్యోగ భృతి ఆపేశారు. చాలామంది మొదట వదిలి వచ్చింది ఆ పాచిపనినే. మందుగుండు ఫ్యాక్టరీల్లో పుట్టిన ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్లకూ అదే గతి పట్టింది. 1920లో లివర్‌పూల్‌లో ప్రెస్టన్ ఆడవాళ్ళ జట్టు ఆట చూడ్డానికి 53 వేలమంది వచ్చారు. మరుసటి ఏడాది ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాలు వాళ్ళకు ఇవ్వకూడదని తీర్మానించింది.

అంటే యుద్ధంవల్ల స్త్రీలకు ఏమీ ఒరగలేదా? ఒరిగింది. లక్షలమంది మునుపటికంటే మంచి జీతం చేతిలో చూసుకున్నారు, యూనియన్లో చేరారు, బేరమాడడం నేర్చుకున్నారు. కానీ యుద్ధకాలపు పొగడ్త వేరు, హక్కు వేరు. పొగడ్త అవసరం తీరేదాకా ఉంది. హక్కు మాత్రం యుద్ధానికి ముందు నుంచీ అడుగుతూ, 1918 తర్వాత కూడా ఊరుకోకుండా పదేళ్ళు పోరాడినవాళ్ళవల్ల వచ్చింది. ఎక్కడైనా సరే, ఆపత్కాలంలో పనిచేసినవాళ్ళను ఆకాశానికి ఎత్తుతుంటే చప్పట్లతోపాటు మూడు కాగితాలు అడగండి: జీతం పట్టీ, ప్రమాద నష్టపరిహారం లెక్క, ఓటర్ల జాబితా. అవి చూశాకే కృతజ్ఞత తీరిందో లేదో చెప్పొచ్చు.