అంతర్ముఖత్వమును సభాభీతియు



"మా పిల్లవాఁడు నలుగురిలోఁ గలియఁడు" అను మాట మన యిండ్లలోఁ దఱచుగా వినఁబడును. ఈ యొక్క వాక్యమున రెండు వేఱువేఱు సంగతు లిమిడియున్నవి. వానిని విడఁదీసి చూపుటయే మా యుద్దేశము.

మొదటిది అంతర్ముఖత్వము. 1921 వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశపు వైద్యుఁడు కార్ల్ యూంగు తన గ్రంథమున మనుజులను అంతర్ముఖులనియు బహిర్ముఖులనియు విభజించెను. అంతర్ముఖుఁడు ఏకాంతమున సేదదేఱును. పెండ్లిపందిటిలో నిద్దఱితో మాటలాడి తృప్తిఁ జెందును. అవసరమైనచో సభలోను మాటలాడఁగలఁడు. ఇది స్వభావము గాని రోగము గాదు. దీనికిఁ జికిత్స యక్కఱలేదు.

రెండవది సభాభీతి. దీనిచేఁ బీడితుఁడైనవాఁడు జనసాంగత్యమును గోరియు, తన్నుఁ జూచి నవ్వుదురేమో యను భయమునఁ దొలఁగిపోవును. గుండె దడదడలాడును; అఱచేతులు చెమర్చును; గొంతు పెగలదు. అమెరికా మనోవైద్యుల సంఘము 1980 లో దీనినిఁ దమ వ్యాధుల పట్టికలోఁ జేర్చినది. 2013 నాఁటి పట్టిక ప్రకారము, ఈ భయము సాధారణముగా ఆఱునెలలో అంతకు మించియో నిలిచి, చదువునకో వృత్తికో భంగము గలిగించుచో, లేక మిక్కిలి బాధపెట్టుచో వ్యాధిగా నెంచవలెను.

భేద మెఱుఁగుట కొక ప్రశ్న తోడ్పడును: వానికి ఏకాంతము ప్రియమా, లేక భయమున దాఁగుకొనుచోటా? బహిర్ముఖునకును సభాభీతి కలుగవచ్చును; అంతర్ముఖునకు లేకయే పోవచ్చును.

మా యుపాధ్యాయవృత్తిలో ఇరుదెఱఁగుల బాలురను జూచితిమి. ఒకఁడు మూలఁ గూర్చుండి చదువుకొనుచు, అడిగినప్పుడు జంకక యుత్తరము చెప్పెడివాఁడు. మఱియొకఁడు ఉత్తరము తెలిసియు, పేరు పిలువఁగనే వణకి, తుదకు బడికి వచ్చుటయే మానెను. మొదటివానిని దెప్పుట యన్యాయము. రెండవవానిని "పెద్దయైనచో సిగ్గు పోవు"నని యుపేక్షించుట యపాయము.

బలవంతముగా నలుగురియెదుట నిలిపిన మాత్రమున భయము పోదు. తప్పుడు తలంపులను సరిదిద్దుచు, మెల్లమెల్లగా జనులమధ్య మెలఁగుట నభ్యసింపఁజేయు మానసచికిత్స కలదు. అవసరమగుచో వైద్యులు మందులును ఇత్తురు. 2022 అక్టోబరులో ప్రభుత్వమువా రారంభించిన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఉచితముగాఁ దెలుఁగుననే మాటలాడవచ్చును.

కడపట నొక విన్నపము. విద్యార్థివేతనము పొందు బాలురు వేదిక నెక్కి ప్రసంగింపవలె ననుటయు, వధూవరులు సభలోఁ దమ్ముఁ దాము పరిచయము చేసికొనవలె ననుటయు సంఘములలో వాడుక. ఇష్టులు మాటలాడుదురు గాక. తక్కినవారు వ్రాసియిచ్చిన చాలునని మన సంఘము తీర్మానించుఁ గాక. మాటరాని కారణమునఁ జదువుకొను బిడ్డకు సాయము దప్పరాదు.