తొలిసారి చూచిన ఆట



బాల్యమున తొలిసారి చూచిన పందెమును మనుష్యుడు తేలికగా మరువడు. ఆనాడు ఏ జట్టుపై మనసు నిలుచునో, పెద్దవాడైన పిమ్మట గూడ ఆ జట్టే తనదనుకొనును.

1986వ సంవత్సరము జూన్ 29వ తేదీన మెక్సికో నగరమున ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల కడపటి ఆట జరిగినది. అచ్చట మిట్టమధ్యాహ్నము; మనకు రాత్రి పదకొండున్నర. మా ఊరి టెలివిజను ఎదుట పిల్లలము చాపలు పరచుకొని కూర్చుంటిమి. అర్జెంటీనావారు మొదట రెండు గోలులు చేసిరి. పశ్చిమ జర్మనీవారు పట్టు విడువక ఆ రెండింటిని సరిచేసిరి. ఆట ముగియుటకు కొద్ది నిమిషములున్నదనగా మారడోనా అందించిన బంతిని బురుచాగా గోలులోనికి పంపెను. మేము కేకలు వేసితిమి.

“వారు మనకేమగుదురురా?” అని మా తాతగారు నవ్విరి. ఎవరికిని బదులు తోచలేదు. కాని నాటినుండి నేను అర్జెంటీనా పక్షమే.

ఆ ప్రశ్న చిన్నది కాదు. మనకును మనవారుండిరి. హైదరాబాదు వాసియగు రహీముగారు శిక్షణమిచ్చిన భారత జట్టు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తాయందు ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1 గోలులతో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. ఆ ఆటలను కన్నులార చూచు వీలు మన పల్లెలకు లేకపోయెను. చూడనిదానిపై పిల్లలకు మమకారమెట్లు కలుగును?

కావున పెద్దలారా, ఒక సాయంకాలము మనుమలను వెంటబెట్టుకొని మన ఊరి బయలులో జరుగు ఆటకు పొండు. వారి తొలి జ్ఞాపకము మన మన్నుది కానిండు.