మోయాబ్ రాతిబాట

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోయాబ్ ఊరి పక్కన స్లిక్‌రాక్ అనే బాట ఉంది. కొండల్లో సైకిలు తొక్కేవాళ్లకు అదొక యాత్రాస్థలం. నిజానికి 1969లో దానికి గుర్తులు పెట్టింది మోటారుసైకిళ్ల కోసం. ఇప్పటికీ ఇద్దరిదీ అదే దారి.

చుట్టి రావడానికి దాదాపు 17 కిలోమీటర్లు. చాలావరకు నవాహో ఇసుకరాయే. దానిమీద వేసిన తెల్లగీతలే దారి చూపుతాయి. రాయి గరుకు కాబట్టి టైరుకు పట్టు దొరుకుతుంది, నిట్టనిలువు ఎత్తులూ ఎక్కవచ్చు. ఎక్కేటప్పుడు ఒళ్లు ముందుకు వంచాలి, కానీ వెనక చక్రం మీద బరువు పూర్తిగా తగ్గకూడదు. దిగేటప్పుడు నడుము వెనక్కి జరపాలి. ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కితే తలకిందులే.

మోటారు చప్పుడు మనకు దూరం నుంచే వినిపిస్తుంది. మన సైకిలు చప్పుడు అవతలివాళ్లకు వినపడదు. అసలు చిక్కు అక్కడే. వాళ్ల రాకను మనమే గమనించుకోవాలి కనుక చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. దారి ఇవ్వాల్సింది మోటారు బండే అయినా, నిటారు ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ కదిలించడం చాలా కష్టం. అక్కడ సైకిలువాళ్లు తప్పుకోవడమే మేలని నా అభిప్రాయం. అయితే రాతి మీదికే తప్పుకోండి. పక్కనున్న నల్లటి మట్టిపొర ప్రాణమున్నది. ఒక్కసారి నలిగితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. దయచేసి దాన్ని తొక్కకండి.