కొండమీది బూడిద దిబ్బ

పంచాయతీ సభ్యులారా,

బళ్ళారికి ఈశాన్యమున నాలుగైదు మైళ్ళ దూరములో సంగనకల్లు అను గ్రామము కలదు. దాని చెంతనే పెద్ద పెద్ద గుండ్లు పేర్చినట్లున్న కొండలు నిలిచియున్నవి. వానిలో నొకటి సన్నరాచమ్మ గుట్ట. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము మనకు వచ్చినవి. బళ్ళారి మైసూరులో చేరినది. అయినను ఆ ప్రాంతపు పల్లెలలో తెలుగు నేటికిని వినవచ్చును. గుట్టపై నున్న దిబ్బను చూచుటకు మేము వెళ్ళినపుడు మాతో నొక ఉపాధ్యాయుడును, ఇద్దరు రైతులును వచ్చిరి. ఆ రైతులు రాకున్నచో ఈ ప్రసంగములో సగము లేకుండెడిది.

గుండ్ల నడుమనుండి పైకెక్కగా చదునైన చోటు కనబడును. బండలపై నున్నని గుంటలు పెక్కు గలవు. అవి ధాన్యము నూరి నూరి యేర్పడినవి. అచ్చటి మట్టి పాత ఊరి మట్టి. దాని అడుగున బూడిద. 1946లో బెండపూడి సుబ్బారావుగారు ఇచ్చట త్రవ్వకములు జరిపిరి. తరువాత 1960 దశకములోను, 1997 తరువాతను మరల త్రవ్విరి. బొగ్గును, మాడిన గింజలను పరీక్షించి, బూడిద పేరుకొన్నది క్రీస్తుకు పూర్వము 2000 తరువాతి రెండు మూడు శతాబ్దములలోనని తేల్చిరి. ఆ గింజలలో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నవి. ఈ మాట విని మాతో వచ్చిన పెద్ద రైతు, "అయితే వారిదియు మెట్ట సేద్యమే" అనెను.

ఇట్టి బూడిద దిబ్బలు కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణములలో నూటికి పైగా గుర్తింపబడినవి. అవి ఎట్లేర్పడినవను వివాదము రెండు వందల ఏండ్లనాటిది. కుడితిని కడనున్న దిబ్బను ప్రజలు భీముడు చంపిన హిడింబాసురుని బూడిద యనుకొనిరి. 1843లో న్యూబోల్డు అను దొర వీనిని గూర్చి వ్రాసెను. అగ్నిపర్వతపు బూడిద యని కొందరు, ఇనుము కరిగించిన చిట్టెమని కొందరు, ఇటుకబట్టీ యని మరికొందరు తలచిరి. 1899లో సూయెల్ ఇవి విజయనగర కాలపు మహాచితులు కావచ్చుననెను. రాబర్ట్ బ్రూస్ ఫూట్ మాత్రము ఇది పశువుల పేడ కాలిన బూడిదయే యనెను. 1960 ప్రాంతమున జోయ్నర్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి ఆ మాటయే నిజమనెను. గడ్డిలో ఇసుకజాతి పదార్థము గలదు. అది పేడలో మిగులును. మంట మిక్కిలి తీవ్రమైనపుడు అది కరిగి గాజువలె గట్టిపడును. చిట్టెమని భ్రమపడినది దానినే.

పేడ యని తేలినను వివాదము తీరలేదు. ఎందుకు కాల్చిరి? మా వాదన అచ్చటనే మొదలైనది.

చిన్న రైతు ఒప్పుకొనలేదు. "ఎరువును ఎవడైన కాల్చునా?" యని యతని ప్రశ్న. పెద్ద రైతు వేరొక త్రోవ చూపెను. మందలు వందలుగా నుండి, చేలు కొద్దిగా నున్న కాలమున పేడ సంపద కాదు, బాధ. వానకాలములో దొడ్డి బురదగును. గోమార్లు, ఈగలు, గిట్టల రోగములు. కాల్చివేసినచో దొడ్డి శుభ్రపడును. ఉపాధ్యాయుడు ఈ రెంటికిని తృప్తిపడక, శుభ్రతకైనచో ఇంత యెత్తున ఒక్కచోటనే పోగు చేయనేల యని యడిగెను. మన భోగిమంటలో పిడకలు వేయుట లేదా, కన్నడ దేశములో సంక్రాంతినాడు పశువులను మంట దాటించుట లేదా, ఇదియు అట్టి పండుగ మంటయే యని యాతని వాదము.

ఆల్చిన్ పండితుడు 1957లో పూర్వపు మహబూబ్‌నగరము జిల్లాలోని ఉట్నూరున బూడిద దిబ్బను త్రవ్వినపుడు మ్రాకులు పాతిన గుంటల వరుసలు బయటపడినవి. అవి దడి కట్టిన గుర్తులు. లోపల పశువుల గిట్టల ముద్రలు సైతము నిలిచియున్నవి. దొడ్డి కాలినది, మరల కట్టిరి, మరల కాలినది. ఆల్చిన్ సైతము ఋతువు మారువేళల పండుగ మంటలనే ఊహించెను. మరికొన్ని చోట్ల త్రవ్విన పండితులు దొడ్డి ప్రక్కనే కాపురములుండెనని, పేడను కుప్పవేసి అప్పుడప్పుడు కాల్చిరని చెప్పిరి.

కాని ఇది కొండకొన. మైదానమున దొడ్డి కట్టుట సుకరము గదా! మందను గుండ్ల నడుమనుండి పైకెక్కించుట ఏల? దొంగలకు, పులులకు భయపడియనుట ఒక సమాధానము. రాత్రివేళ ఈ కొండపై మండిన మంట చుట్టుప్రక్కల పల్లెలకెల్ల కనబడి యుండుననుట మరొకటి. మాకు రెండవది సమంజసముగా తోచినది. భయమే కారణమైనచో దడి చాలును. ఏండ్లతరబడి బూడిదను పెంచనక్కరలేదు. పెద్ద రైతు దీనికి తల యూపలేదు. కడకు మంటలు ఆగి, ఆ బూడిదపైననే జనులు ఇండ్లు కట్టుకొనిరి. సేద్యము పెరిగి పేడ విలువ తెలిసినందుననే కాల్చుట మానిరని యతని నమ్మకము. అది త్రోసివేయదగిన మాట కాదు.

ప్రక్కనున్న పెద్దకొండపై నల్లరాతి దిండు కలదు. రాతిగొడ్డళ్ళు చేసినది అచ్చటనే. ఆ రాళ్ళపై మూపురపు ఎద్దుల బొమ్మలు చెక్కియున్నవి; కొన్నింటిని కొట్టిన గంటవలె మ్రోగును. ఇటీవలి దశాబ్దములలో రాతి క్వారీలు ఈ కొండను కొంతమేర తినివేసినవి. బూడిద దిబ్బలకును అదే గతి. పలుచోట్ల బండ్లతో తోలి చేలకు చల్లిరి. రైతుకు అది ఉచితముగా దొరకు ఎరువు. తప్పు పట్టుట సులభము కాదు.

అనంతపురము జిల్లా పాలవాయిలోను ఇట్టి దిబ్బ కలదు. మీ పొలిమేరలో మట్టికో, మొరమునకో వేలము పెట్టు దిబ్బను ముందుగా ఒక్కచోట కోసి చూడుడు. తెల్లని, బూడిదరంగు పొరలు ఒకదానిపై నొకటి కనబడినను, తేలికైన గాజుచిట్టెము దొరకినను వేలము నిలిపి తహసీలుదారునకు, పురావస్తు శాఖకు వ్రాయుడు. రక్షితస్థలమైనచో 1958 నాటి కేంద్ర చట్టమో, రాష్ట్ర చట్టమో వర్తించును; అచ్చట అనుమతి లేక త్రవ్వుట నేరము. భూమిలో దాగిన వస్తువు పది రూపాయలకు మించిన విలువ గలదైనచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టము చెప్పుచున్నది. ఆ దిబ్బకు మీ ఊరి వృద్ధులు చెప్పు కథ యేదైన నున్నచో దానినిగూడ ఆ అర్జీలో చేర్చి పంపుడు.