రాత్రిబడిలో యంత్రం చోటు



సాంకేతికత అనగానే ఇప్పుడు అందరి చూపూ ఫోను మీదికే పోతోంది. తెలుగునాట పెద్దల చదువుకు సాధనాలు తోడు రావడం కొత్తేమీ కాదు. 1935లోనే పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. మరో నలభై ఏళ్లకు, 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చేరాయి. అందులో మన పల్లెలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ఇనుపవలతో అల్లిన గొడుగులాంటి యాంటెన్నా కింద ఊరంతా చేరి చూసింది. ఆ రోజుల్లో అది అద్భుతమే. అయితే పడవ దగ్గరికి వచ్చినవాడు ఫలానా పుస్తకం తెచ్చిపెట్టమని అడగవచ్చు. టీవీ పెట్టెను అడిగేదేముంది? ఏ సాధనాన్ని చూసినా నేను ముందు వేసే ప్రశ్న ఇదే: నేర్చుకునేవాళ్ల మాట దానికి చేరుతుందా?

నెల్లూరు జిల్లా సంగతి మీకు తెలియనిది కాదు. 1990 దశకం మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. ఆ ఉద్యమపు వాచకంలో సీతమ్మ కథ ఒకటి. ఊళ్లో ఆడవాళ్లంతా కూడి సారా కొట్టు మూయించిన కథ. దూబగుంట మహిళలు దాన్ని పాఠంగా వదిలెయ్యలేదు. మన ఊళ్లో ఎందుకు మూయించలేం అని పట్టుబట్టారు. ఆ పట్టు జిల్లా దాటింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. అక్కడున్న సాంకేతికత ఎంత? అచ్చు పుస్తకం, పలక, ఓ దీపం. అదే కథను ఇవాళ ఒకావిడ ఫోనులో ఒంటరిగా చదివిందనుకోండి. చివర నాలుగు ప్రశ్నలు వస్తాయి, సరైన జవాబులు నొక్కుతుంది, మార్కులు పడతాయి, తర్వాతి పాఠం తెరుచుకుంటుంది. సారా కొట్టు మాత్రం తెరిచే ఉంటుంది. కథ విన్నాక పక్కావిడ మొహం చూసి ‘మనింట్లోనూ ఇంతే కదమ్మా’ అనగలిగితేనే చదువు కదులుతుంది.

అలాగని నేను యంత్రద్వేషిని కాను. యంత్రం మనకంటే బాగా చేసే పని ఒకటుంది. 2000లో మెదక్ జిల్లా బీరంగూడలో టాటా కన్సల్టెన్సీ వారు కంప్యూటరుతో తెలుగు చదవడం నేర్పే ప్రయోగం మొదలుపెట్టారు. ఆ సంస్థకే చెందిన ఎఫ్‌.సి. కోహ్లీ గారి చొరవ అది. ఓనమాల నుంచి కాకుండా, తెలిసిన మాటను బొమ్మతో, గొంతుతో చూపించి, అందులోని అక్షరాలను విడదీసే పద్ధతి. సుమారు 40 గంటల్లో వార్తాపత్రికలోని తేలిక మాటలు కూడబలుక్కునే దాకా తేవాలని లక్ష్యం. రాయడం మాత్రం ఆ పద్ధతికి అంతగా పట్టలేదు, అది లోటే. కానీ అందులో నాకు నచ్చింది వేగం కాదు. యాభై ఏళ్ల మనిషి ‘క’కూ ‘త’కూ తేడా పదోసారి అడగాలంటే కోడలి ముందు, ఊరి ముందు సిగ్గుపడుతుంది. యంత్రం విసుక్కోదు, నవ్వదు, ‘మళ్లీ చెప్పాలా?’ అని దెప్పదు. పునశ్చరణ యంత్రానికి ఒప్పచెబుదాం. మాటామంతీ మనిషి దగ్గరే ఉంచుకుందాం. నా అభిప్రాయమంతా ఈ రెండు ముక్కలే.

ఇప్పుడు కొందరు మరో వాదం చేస్తున్నారు. ఫోనుతో మాట్లాడితే అదే వెతికిపెడుతుంది, రాసింది అదే చదివి వినిపిస్తుంది, ఇక పెద్దవాళ్లకు అక్షరాలెందుకని. ఉపాధి హామీ పనికి వెళ్లే మనిషిని అడిగి చూడండి. కూలి డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. తీసుకోవడానికి ఊళ్లో మిషను పెట్టుకున్న కుర్రాడి దగ్గరికి వెళ్లి వేలు పెడుతుంది. చిన్న కాగితం ముక్క బయటికొస్తుంది. ఎంత తీశారో, ఎంత మిగిలిందో అందులో ఉంటుంది, ఎక్కువగా ఇంగ్లిషులోనే. ఫోనుకొచ్చే మెసేజీ కూడా తరచు అంతే. రాత్రిబడిలో తెలుగు కష్టపడి నేర్చుకున్న మనిషి ఆ కుర్రాడు చెప్పిన అంకెనే నమ్మాలి. నిశానీ పోయి సంతకం రావాలని ఎన్నేళ్లు పాటుపడ్డామో మీకు తెలుసు. సంతకం వచ్చాక రేషను షాపులో మళ్లీ వేలిముద్రే అడుగుతున్నారు! ఈ వేళాకోళం ఏ సాహిత్య సభలోనైనా చదవదగ్గదే.

కాబట్టి సాంకేతికతను పెద్దలకు నేర్పడం ఒక్కటే కాదు, సాంకేతికతకు తెలుగు నేర్పించడమూ మన పనే. ఆ చీటీ తెలుగులో రావాలని బ్యాంకుల్ని అడగాలి. అంతవరకూ ఆ చీటీనే వాచకం చేసుకోవాలి. డెబిట్, బాలెన్స్ అన్న రెండు ఇంగ్లిషు మాటల రూపు గుర్తుపట్టి, పక్కనున్న అంకె చదవగలిగితే ఆ రోజు పాఠం అయినట్టే. ఏ వాచకంలోని మేకపిల్ల కథా ఇంత శ్రద్ధగా చదివించదు.

సాధనం నేర్చుకునేవాళ్ల చేతికే వస్తే ఎలా ఉంటుందో చూడాలంటే జహీరాబాదు వైపు వెళ్లాలి. మాచనూరులో 2008 అక్టోబరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది దళిత మహిళలు. విత్తనాలు, పంటలు, పాటలు, ఆరోగ్యం, అన్నీ వాళ్ల యాసలోనే. ఆ ప్రాంతపు ఆడవాళ్లు అంతకు ముందే వీడియో కెమెరా పట్టి తమ సేద్యం మీద చిత్రాలు తీశారు. చదువు రాకముందే వాళ్లు వక్తలయ్యారు, మనం మాత్రం అక్షరాలయ్యాకే మాట్లాడనిద్దాం అనుకుంటూ కూర్చున్నాం.

ఈ పూట యాప్‌ల మీద, ఆన్‌లైన్ తరగతుల మీద పత్రాలు చదవబోయే మిత్రులకు ఒక మనవి. ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారన్న లెక్క దయచేసి చివర్లో చెప్పండి. ముందు ఒక్క అభ్యాసకురాలి గురించి చెప్పండి. ఆ ఫోను ఎవరిది, ఇంట్లో రోజుకు ఎంతసేపు ఆమె చేతికి దొరుకుతుంది, అర్థం కానప్పుడు ఎవరిని అడుగుతుంది, చదివింది మర్నాడు ఎక్కడ పనికొచ్చింది. బోధకులుగా వచ్చినవారు మొహమాటపడకుండా మధ్యలోనే లేచి అడగవచ్చు. అధ్యక్షుడిగా ఈ పూటకు నాకున్న అధికారం అదొక్కటే, దాన్ని మీకే ఇస్తున్నాను. మొదటి పత్రం చదివేవారు వేదిక మీదికి రావాలని కోరుతున్నాను.