చీకట్లో ఒక నోరు



1973, లండన్ రాయల్ కోర్ట్ థియేటర్. కటిక చీకటి. వేదిక మీద, మనిషి ఎత్తుకు పైన, వెలుగులో ఒక నోరు కనిపిస్తోంది. ఊపిరి సలపనంత వేగంతో మాటలు తోసుకొస్తున్నాయి. శామ్యూల్ బెకెట్ నాటిక 'నాట్ ఐ' అది. ఆ నోరు నటి బిల్లీ వైట్‌లాది. తల కాస్త కదిలినా నోరు వెలుగు తప్పుతుంది. అందుకే ఆమెను కుర్చీకి కట్టి, తల కదలకుండా బిగించేవారు. రిహార్సల్లో ఒకసారి దిక్కు తెలియక కుప్పకూలారు కూడా. అయినా వదల్లేదు. మొహం, చేతులు, నడక ఏవీ లేకుండా ఒక మనిషి బతుకంతా వినిపించారే, నటనంటే నాకు అదే!

1932లో కోవెంట్రీలో పుట్టిన వైట్‌లా చిన్ననాడే రేడియోలో నటించారు. ఆ గొంతు అక్కడ పదునెక్కిందేమో. బెకెట్ 'ఫుట్‌ఫాల్స్' నాటికను ఆమె కోసమే రాశారు. 1981లో ఆయనదే 'రాకబై' నాటికలో ఊగే కుర్చీలో కూర్చుని, రికార్డు చేసిన తన గొంతునే వింటూ నటించారు.

సినిమాల్లో ఆమెవి ఎక్కువగా సహాయ పాత్రలే. హిచ్‌కాక్ 'ఫ్రెంజీ'లో కనిపించారు. 1976 నాటి 'ది ఒమెన్'లో పిల్లవాణ్ణి కాచే ఆయాగా ప్రేక్షకులను వణికించారు. 2014లో కన్నుమూశారు. బీబీసీ చిత్రీకరించిన 'నాట్ ఐ' ఇప్పటికీ ఉంది. వీలుంటే తప్పక చూడండి.