కంప్యూటరు గీత – విద్యార్థి చూపు



ఇంజనీరింగు కళాశాలలో నూతనముగా చేరిన విద్యార్థి నేడు యంత్రభాగముల చిత్రములను కంప్యూటరుపై గీయుట నేర్చుకొనుచున్నాడు. ఈ విద్యకు దారి చూపినవారిలో ఐవన్ సదర్లాండ్ ముఖ్యుడు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు 1963లో సమర్పించిన సిద్ధాంత వ్యాసమున ఆయన ‘స్కెచ్‌ప్యాడ్’ను వివరించెను. కాంతికలముతో తెరపై గీచిన రెండు గీతలు సమాంతరముగా నుండవలెనని ఆజ్ఞాపించినచో యంత్రమే వానిని సరిదిద్దెడిది. 1982లో ఆటోక్యాడ్ వెలువడి, ఈ పనిని చిన్న కంప్యూటర్లకు తెచ్చినది.

అయినను ప్రారంభకుని కష్టము మీటలు నొక్కుటలో లేదు. ముందునుండి, పైనుండి, ప్రక్కనుండి చూచిన ఆకృతులను బట్టి వస్తువు పూర్ణరూపమును మనస్సున నిలుపుకొనుటలో కలదు. ఆ శాస్త్రసూత్రములను ఫ్రాన్సు దేశీయుడు గస్పార్ మాంజ్ 18వ శతాబ్దముననే క్రోడీకరించెను. ఇరుసు వ్యాసము 20 మిల్లీమీటర్లుండగా, దానికి తగిన రంధ్రమును విద్యార్థి 19 అని వ్రాసినను కంప్యూటరు చక్కగనే గీయును. కర్మాగారమున ఇరుసు మాత్రము దూరదు.

కావున ఇంట కంప్యూటరు లేని పల్లెటూరి విద్యార్థి అధైర్యపడ నక్కరలేదు. రోలునో, బండిచక్రమునో కొలిచి, మూడు వైపుల ఆకృతులను కాగితముపై గీయవలెను. ఆ కాగితమును మాత్రమే చూచి వడ్రంగి ఆ వస్తువును చెప్పగలిగినచో, సగము విద్య అబ్బినట్లే. ఆ సాధనకు పెన్సిలు, కొలబద్ద, ఈ గ్రంథాలయపు బల్ల చాలును.